తిమ్మిరి వస్తే వారం చూడొచ్చా, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

నిదానం: చెయ్యి తిమ్మిరెక్కిందనగానే ఎమ్మారై తీయించుకోమనే సలహా సరికాదని నా వాదన. చాలా తిమ్మిర్లు ఎక్కడో నరం నొక్కుకోవడం వల్ల వచ్చేవే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట మొద్దుబారి, చెయ్యి విదిలిస్తే తేలికపడుతుంటే తేడా మణికట్టు దగ్గర ఉన్నట్టు. చిటికెన వేలి వైపైతే మోచేతి దగ్గర. మణికట్టు వంగకుండా రాత్రిళ్లు పట్టీ వేసుకుని నాలుగు వారాలు చూడొచ్చు.

వెన్నుదన్ను: నిదానం గారూ, మణికట్టు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎన్నాళ్లు ఆగొచ్చని అడిగే ముందు ఎంత వేగంగా వచ్చిందో అడగాలి. ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యీ కాలూ పట్టుతప్పినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు, నిమిషం కూడా ఆగకూడదు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు. ఆ లెక్క మనం గమనించిన క్షణం నుంచి కాదు, మనిషి బాగున్నాడని చివరిసారి తెలిసిన సమయం నుంచి. రాత్రి 10కి బాగానే పడుకున్న మనిషి పొద్దున 6కి చెయ్యి ఎత్తలేకపోతే, ఆసుపత్రిలో రాత్రి 10కి బాగున్నాడనే చెప్పాలి. ఆలస్యమైందని మాత్రం ఆగిపోకండి, స్కాన్ చూసి ఆ తర్వాత కూడా కొందరికి చికిత్స చేస్తారు. ఇంట్లో ఆస్పిరిన్ వేయొద్దు. మెదడులో రక్తస్రావమైనా అచ్చం ఇలాగే కనబడుతుంది, స్కాన్ తీస్తే గానీ తేలదు. నీళ్లు కూడా పట్టొద్దు, మింగడం దెబ్బతిని ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

సందేహి: అరగంటలో పూర్తిగా తగ్గిపోతే? అప్పుడూ పరుగెత్తాలా?

వెన్నుదన్ను: అప్పుడూ అంతేనండి, తెల్లారేదాకా కూడా ఆగొద్దు. గడ్డ తొలగిందేమో గానీ అది పుట్టిన కారణం అలాగే ఉంది. అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాతి 48 గంటల్లోనే ఎక్కువ.

నిదానం: పక్షవాతం మీద నాకు వాదన లేదు. రెండు అరికాళ్లూ సమానంగా మంటలు, తిమ్మిర్లైతే మాత్రం సాధారణంగా షుగరో, బి12 లోపమో. ఓ వారం బి-కాంప్లెక్స్ వేసి చూస్తే తప్పేంటి?

మందులచీటీ: తప్పే. ముందు మాత్రలు మింగి తర్వాత రక్తపరీక్షకు వెళ్తే బి12 అంకె పెరిగి అసలు లోపం మరుగున పడుతుంది. ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనబడుతుంది, నరాలు మాత్రం లోపల చెడిపోతూనే ఉంటాయి. బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే అదే తిమ్మిర్లు తెస్తుంది. కాబట్టి ముందు రక్తం ఇచ్చి, ఆ తర్వాతే మాత్ర. ఏళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్లు బి12 పరీక్ష తప్పక అడగాలి.

ఇంకోటి. రెండు కాళ్లూ అనగానే నెమ్మది జబ్బే అనుకోకండి. విరేచనాలో, జలుబు జ్వరమో తగ్గిన కొద్ది వారాల్లో పాదాల తిమ్మిరి మొదలై, బలం తగ్గుతూ రోజురోజుకూ పైకి పాకితే గులియన్-బారే అనే జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేయడం) కావచ్చు. నిన్న మెట్లెక్కిన మనిషి ఇవాళ చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవలేకపోతే అదే రోజు ఆసుపత్రి. ఊపిరి కండరాలు పట్టుతప్పడమే ఇందులో పెద్ద ప్రమాదం. దారిలో ఒకసారి నిండుగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టమనండి. 20 కూడా చేరకపోతే వెళ్లగానే ఆ మాటే ముందు చెప్పాలి. చేరినా ప్రయాణం ఆపొద్దు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ బాగానే చూపిస్తోందని ధైర్యపడొద్దు, ఆ అంకె చివర్లో గానీ పడదు.

వెన్నుదన్ను: నడుంనొప్పి ఉన్నవాళ్లకు ఒక ప్రశ్న తప్పక వేయాలి, సిగ్గుపడి చాలామంది చెప్పరు. మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ తగ్గిందా? మూత్రం వచ్చినట్టుండి రావడం లేదా? అవునంటే వెన్ను అడుగున నరాలు నొక్కుకుపోయి ఉండొచ్చు, గంటల్లో స్కాన్, అవసరమైతే ఆపరేషన్. ఇక్కడ ఎమ్మారై వృథా ఖర్చు కాదు నిదానం గారూ.

నిదానం: ఇది ఒప్పుకుంటున్నాను. స్కాన్ మనంతట మనం తీయించుకోకుండా, పరీక్షించిన డాక్టరే చెప్పాలన్న మాట మీద మాత్రం నిలబడతాను. నా నాలుగు వారాల గడువుకూ ఒక షరతు చేరుస్తున్నా: బొత్తాలు పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలి మొదట్లో కండ పలచబడినా పట్టీతో కాలం గడపొద్దు. కండ ఒకసారి కరిగాక ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.