జైల్లో తమ్ముడి బ్యారక్ మార్పించడం ఎలా?

మాది విశాఖ, కంచరపాలెం. మా తమ్ముడికి 19 ఏళ్లు. 4 కిలోల గంజాయి కేసులో 26 రోజులుగా రిమాండ్‌లో ఉన్నాడు. సరుకు 20 కిలోల లోపే కాబట్టి బెయిల్‌కి దారి ఉందని న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన ఉచిత లాయర్ గారు అన్నారు. పిటిషన్ వేశారు, రెండు వాయిదాలు పడ్డాయి.

నా టెన్షన్ బెయిల్ గురించి కాదు. మొదటి ములాఖత్‌లో ఏడ్చాడు. మూడోసారి వెళ్తే కాళ్లకి కొత్త చెప్పులు, మేం ఇచ్చినవి కావు. అడిగితే "అన్న ఇప్పించాడు" అన్నాడు. అదే బ్యారక్‌లో ఉన్న పాత ముఠావాడు సబ్బులు, క్యాంటీన్ ఖర్చు చూసుకుంటున్నాడట. జామీనుదార్లని కూడా తనే పెడతాడట. బయట వీణ్ని లాగిందీ ఇలాగే: ముందు బిర్యానీ, తర్వాత బండి, ఆపైన "ఈ బ్యాగ్ గాజువాకలో ఇచ్చిరా". డబ్బు కంటే "తమ్ముడూ" అన్న ఆ పిలుపుకే పడిపోయాడు గుంటడు (ఇంట్లో నేనెప్పుడూ తిట్టడమే).

క్యాంటీన్‌కి మేమే డబ్బు కట్టాం. అతనితో మాట్లాడొద్దన్నాం, వినలేదు. గేటు దగ్గర నోటిమాటగా అడిగితే "రాసివ్వండి" అన్నారు. రాస్తే ఆ సంగతి లోపల పొక్కి, పితూరీలు చెప్పేవాడన్న పేరు వీడికొస్తుందని భయం.

ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు చెప్పండి. లోపల ఎవరికీ అనుమానం రాకుండా బ్యారక్ మార్పించాలంటే అర్జీ నేరుగా సూపరింటెండెంట్‌కి పెట్టాలా, లాయర్ ద్వారా కోర్టులో వేయించాలా?