పీట్ తవ్వకం ఆపాలా? ఆపితే మన నర్సరీలు దేనిలో నారు పోయాలి?

మిద్దెతోట_సీతమ్మధార
మేడ మీద టమాటా నారు కోసం పీట్ మాస్ సంచి కొన్నాను. యూరప్‌లోని లాత్వియా దేశం నుంచి వచ్చిందని రాసుంటే, అసలిదేంటా అని చదివాను. అప్పట్నుంచి మనసు బాలేదు. చిత్తడి నేలల్లో నాచు పూర్తిగా కుళ్లకుండా పొరలుపొరలుగా పేరుకుంటే అయ్యేది పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. అంటే మీటరు మందం తవ్వితే వెయ్యేళ్లది తవ్వినట్టే. ప్రపంచంలోని నేలలో ఇలాంటిది 3 శాతమే అయినా, అడవుల్లోని చెట్లన్నిటి కంటే ఎక్కువ కార్బన్ దాచుకుంది. నీళ్లు తోడేసి ఆరబెడితే అదంతా గాల్లో కలుస్తుంది. పూలకుండీల కోసం ఇంత పోగొట్టుకోవాలా? మన దేశంలోకి దిగుమతే ఆపేయాలి.

ఆనందపురం_నారు
మీ బాధ నిజమేనమ్మా. కానీ ఈ నారు మీద బతికేవాళ్ల సంగతి కూడా వినండి. పీట్ తేలిక, తడి పట్టి ఉంచుతుంది, కలుపు రాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ సంచి ఎలా ఉందో వచ్చే సంచీ అలాగే ఉంటుంది. రెండేళ్ల క్రితం కోకోపీట్ ఇటుకలు, అంటే కొబ్బరి పొట్టుని అదిమి చేసినవి, తెచ్చి బంతి నారు పోశాను. పది రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయాయి. ప్రోట్రేలన్నీ (నారు పోసే గుంటల ట్రేలు) గుమ్మరించి పారబోశాం. అమ్మినాయన "మీరు కడగలేదు" అని చేతులు దులుపుకున్నాడు. దసరాకి పూలు కోయాల్సిన రైతుకి నేనేం చెప్పను?

కోనసీమ_అబ్బాయి
మా వైపు పీచు మిల్లుల పక్కన కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. ఇది వదిలేసి వేల కిలోమీటర్ల అవతలి నుంచి పీట్ తెప్పించుకోవడం అన్యాయం.

మధురవాడ_హార్టీ
ఆనందపురం అన్నా, మీ నారు మాడింది ఉప్పు వల్ల. పొట్టులో సోడియం, పొటాషియం ఎక్కువ. మంచినీళ్లతో కడగాలి, తర్వాత కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి మళ్లీ కడగాలి. అది నర్సరీ వాళ్లు చేసుకోవాల్సిన పని కాదు, అమ్మేవాళ్లు చేసి ఇవ్వాల్సింది.

నా మాట ఒకటే. ప్రత్యామ్నాయాన్ని నమ్మకంగా చేతికివ్వకుండా తవ్వకం ఒక్కటే ఆపితే గొయ్యి ఊరు మారుతుంది, అంతే. ఐర్లండ్‌లో అదే జరిగింది. 30 హెక్టార్లు దాటిన తవ్వకానికి ప్లానింగ్ అనుమతి ఉండాలని 2019లో హైకోర్టు తేల్చింది. ప్రభుత్వ పీట్ సంస్థ బోర్డ్ నా మోనా 2021 జనవరిలో తవ్వకం మానేసింది. పుట్టగొడుగుల రైతులకు ఊపిరాడలేదు. బటన్ పుట్టగొడుగు మొలవాలంటే కంపోస్టు పైన తడి పీట్ పొర పరచడం వాళ్ల పద్ధతి. చివరికి ఆ ఏడాది సెప్టెంబరులో లాత్వియా నుంచి 3,600 టన్నులు ఓడలో తెప్పించి, సుమారు 200 లారీల్లో తోలారు. ఏ నేలని కాపాడినట్టు?

బ్రిటన్‌ది ఇంకో రకం. 2011లో స్వచ్ఛందంగా మానేయమన్నారు, చాలామంది మానలేదు. 2024 నాటికి ఇంటితోటల వాళ్లకి అమ్మకం ఆపుతామని 2022లో ప్రకటించారు. చట్టం రాకుండానే గడువు దాటిపోయింది. బతిమాలితే పని కాదని దాన్నిబట్టే తెలుస్తోంది. అందుకే సీతమ్మధార మేడమ్‌తో సగం ఏకీభవిస్తాను. ఆంక్ష ఉండాలి, ముందే తేదీ చెప్పాలి. దానితోపాటు ప్రతి కోకోపీట్ ఇటుక మీద ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, అచ్చువేయాలి. తప్పు అంకె వేస్తే పంట నష్టం అమ్మినవాడే కట్టాలి.

కోనసీమ_అబ్బాయి
కడిగిన ఉప్పునీళ్లు ఎక్కడ వదులుతారో కూడా ఆ రూల్‌లో రాయాలి సార్. మా వరి కాలువలోకి వదిలితే ఒప్పుకోం.

మధురవాడ_హార్టీ
కచ్చితంగా. నాకు తట్టలేదు తమ్ముడూ, మొదట రాయాల్సిందే అది.

ఆనందపురం_నారు
ఈసీ అంకె రాసిచ్చి, పోతే డబ్బు కడతామంటే నాకు పీట్ మీద మోజేం లేదు. ఈ కార్తీకానికి పది ట్రేలు కడిగిన కోకోపీట్‌లో, పది పీట్‌లో పక్కపక్కనే పోస్తాను. ఫోటోలు ఇక్కడే పెడతా.