బర్గర్: విరుపు తప్పి బతికిన మాట

ప్రశ్న: హాంబర్గర్ అన్న మాటలోని ‘హామ్’ అంటే పంది తొడమాంసమని మా పాప బడిలో విని వచ్చింది. అదే నిజమైతే మనం తినే ఆలూ బర్గరుకు ఆ పేరు ఎలా అతికింది? ‘బర్గర్’ అన్న ముక్కకు విడిగా ఏమైనా అర్థముందా? దీనికి తెలుగులో మంచి మాట కల్పించుకోవచ్చా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: అమ్మా, మీ పాప విన్నది చాలామంది ఇంగ్లీషువారు కూడా నమ్మిన విరుపే. ఆ పొరపాటు విరుపు లేకపోతే ఈ రోజు మనకు ‘బర్గర్’ అన్న మాటే లేదు కాబట్టి దానిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

మాటలో అసలు ఉన్నవి ‘హామ్’, ‘బర్గర్’ కావు, ‘హాంబర్గ్’, ‘అర్’. హాంబర్గ్ జర్మనీలో ఎల్బ నది మీద ఉన్న రేవు పట్టణం. 9వ శతాబ్దంలో అక్కడ వెలసిన ‘హమ్మబుర్గ్’ అనే కోట వల్ల ఊరికి ఆ పేరు వచ్చింది. ‘బుర్గ్’ అంటే కోట. ఎత్తు అనే అర్థమున్న ప్రాచీన ధాతువు నుంచి ఈ మాట పుట్టిందనీ, మన ‘బృహత్’ కూడా ఆ ధాతువు సంతానమేననీ భాషాచరిత్రకారులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. పీటర్స్‌బర్గ్, జొహానెస్‌బర్గ్ వంటి పేర్లలో ఉన్నది కూడా ఈ బుర్గే.

ఇక ‘అర్’ సంగతి. జర్మన్ భాషలో ఊరి పేరుకు ఈ ప్రత్యయం చేరిస్తే ‘ఆ ఊరివాడు’, ‘ఆ ఊరిది’ అన్న అర్థం వస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ సాసేజి ఫ్రాంక్‌ఫర్టర్ అయింది, వియన్నాది వీనర్ అయింది. మనకు ఇలాంటి ప్రత్యయం అవసరం లేదు. ఊరి పేరునే వస్తువు పేరుగా వాడేస్తాం. బజారులో ‘బంగినపల్లి డజను ఎంత?’ అని అడిగేవారికి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె ఆ క్షణంలో గుర్తుకు రాదు, మామిడిపండే కనిపిస్తుంది. పెళ్లికి ‘గద్వాల కట్టుకున్నాను’ అంటే వినేవారికి చీరే తోస్తుంది. హాంబర్గర్ కూడా ఇలా ఊరిని మరిచిపోయిన మాటే.

19వ శతాబ్దంలో అమెరికాకు వలస వెళ్లిన జర్మన్లలోను, తూర్పు ఐరోపావారిలోను ఎందరో హాంబర్గ్ రేవులోనే ఓడ ఎక్కారు. అమెరికా భోజనశాలలలో ‘హాంబర్గ్ స్టీక్’ అన్న వంటకం ఆ కాలంలోనే కనిపిస్తుంది. అది తరిగిన గోమాంసాన్ని బిళ్లగా తట్టి కాల్చినది; పళ్లెంలో పెట్టుకుని తినేది. దానిని రొట్టె మధ్య పెట్టిన మొదటివారు ఎవరన్నది తెగని తగవు. 1885లో తామే చేశామని విస్కాన్సిన్‌లోని సేమోర్ ఊరివారు, అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని హాంబర్గ్ అనే ఊరి సంతలో జరిగిందని మరొకరు, 1900లో కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో లూయీస్ లంచ్ అనే చిన్న భోజనశాలలో పుట్టిందని ఇంకొకరు చెప్పుకుంటారు. నాకు ఈ తగవులో తీర్పుకన్నా ఒక పోలిక ముఖ్యమనిపిస్తుంది: ఈ కథలలో తినేవాడు సాధారణంగా సంతలో తిరుగుతూనో పనికి పోయే తొందరలోనో ఉంటాడు, కూర్చునే తీరిక లేనివాడు. పళ్లెం పని రొట్టె చేసింది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ వాసన ఉన్న పేర్లంటే అమెరికాలో ఏవగింపు పెరిగి, దీనిని ‘లిబర్టీ స్టీక్’ అని పిలిచే ప్రయత్నం కూడా జరిగింది. ఆ పేరు నిలవలేదు. 1921లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో మొదలైన వైట్ కాజిల్ దుకాణాలు 5 సెంట్లకు ఒక చిన్న హాంబర్గర్ అమ్మి ఆ వంటకానికి ఊరూరా గిరాకీ తెచ్చాయి. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ వంటగదిని కర్మాగారంలాగా పనివారీగా విడగొట్టి 15 సెంట్లకు అమ్మారు. తరువాతి వ్యాప్తి అందరికీ తెలిసినదే.

భాష దృష్టితో చూస్తే అసలు మలుపు 1930లలో ఉంది. ఇంగ్లీషులో ‘హామ్’ అన్న మాట వేరే ఉండటం వల్ల వినేవారి చెవి మాటను అక్కడ విరిచింది. వంటకంలో పంది మాంసం లేదు కదా అన్న ఆక్షేపణ చెవికి పట్టదు. దానికి తెలిసిన ముక్క దొరికితే చాలు. అలా విరగ్గానే మిగిలిన ‘బర్గర్’ స్వతంత్రమై, జున్ను వేస్తే చీజ్‌బర్గర్, తరువాత చేప పెడితే ఫిష్‌బర్గర్, కాయగూరలు పెడితే వెజ్ బర్గర్ అయింది. కోటకు చెందిన సగం ముక్కా, ఊరివాడిని సూచించే ప్రత్యయమూ కలిసి, కొత్తగా ‘రొట్టె నడుమ బిళ్ల’ అన్న అర్థాన్ని పొందాయి. భాషాశాస్త్రంలో దీనిని పునర్విభాగం అనవచ్చు.

ఇది ఇంగ్లీషుకే పరిమితమని అనుకోకూడదు. మనం నిత్యం వాడే ‘సురలు’ అన్న మాట ఇలాగే పుట్టింది. ‘అసుర’ ముందున్న మాట. దానిలోని అకారాన్ని ‘కానివాడు’ అని చెప్పే అకారంగా పొరబడి విరిచినందువల్ల ‘సుర’ తరువాత వచ్చింది. నలుపు అనే అర్థమున్న ‘అసిత’ నుంచి తెలుపు అనే ‘సిత’ వెలసిన తీరు కూడా ఇదే. విరుపు తప్పినా ఆ మాటలు మన పద్యాలలో ఎంత గౌరవంగా నిలిచాయో చూడండి.

విరుపు వల్ల అక్షరం పోయిన మాట కూడా ఒకటి చెప్పాలి. సంస్కృతంలోని ‘నారంగ’ పారసీకం, అరబ్బీల మీదుగా ఐరోపా చేరాక, ఇటలీ, ఫ్రాన్స్ దేశాల వారు మాట మొదటి నకారాన్ని దాని ముందు పలికే, ‘ఒక’ అనే అర్థమున్న తమ మాటలోకి కలిపేసుకున్నారు. ఇంగ్లీషు ‘ఆరెంజ్’ ఆ నకారం పోయినదే. మన ‘నారింజ’లో అది భద్రంగా ఉంది.

చివరి ప్రశ్నకు నా అభిప్రాయం. తెలుగుకు వచ్చినది హాంబర్గర్ కాదు, అప్పటికే విరిగిన బర్గర్. 1996లో ఢిల్లీలో తెరిచిన మెక్‌డొనాల్డ్స్ మొదటి దుకాణంలో గోమాంసం, పంది మాంసం రెండూ లేవు; ఆలూ టిక్కీతో చేసిన బర్గర్ ఈ దేశంలో స్థిరపడింది. అందువల్ల మన నోటిలో ఈ మాటకు మాంసంతో ముడి లేదు. ‘బర్గర్లు’, ‘బర్గరులో’, ‘బర్గరుకు’ అంటూ మన విభక్తులన్నీ ఇప్పటికే హాయిగా చేరాయి. కొత్త మాట కల్పించడం కన్నా దీనినే ఉంచుకోవడం మేలని నమ్ముతున్నాను.

మరొక సభ్యుని ప్రశ్న: ‘సుర’ అన్న మాటకు సురను స్వీకరించినవారని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి మాటేమిటి?

సమాధానం: అది వాల్మీకి రామాయణం బాలకాండలో క్షీరసాగర మథనం సందర్భంలో ఉన్నదే. మద్యానికి అధిదేవత అయిన వారుణిని స్వీకరించిన అదితి కుమారులు సురలయ్యారనీ, స్వీకరించని దితి కుమారులు అసురులయ్యారనీ అక్కడ చెప్పబడింది. ఆ కథ మీద నాకు పూర్తి గౌరవముంది. అయితే ఋగ్వేదంలో వరుణుడంతటి దేవుణ్ణి ‘అసుర’ అని స్తుతించడం, ఇరానియన్ భాషలో అదే మాట ‘అహుర’గా పరమేశ్వర వాచకం కావడం చూస్తే, ‘అసుర’ మొదట నిషేధార్థక పదం కాదని తెలుస్తుంది. విరిగిన మాటకు తరువాతివారు అర్థం వెతుక్కోవడంలో తప్పేమీ లేదు.

అమెరికాలో ఉండే సభ్యురాలి ప్రశ్న: ఇక్కడ చికెన్ బర్గర్ అడిగితే చికెన్ శాండ్‌విచ్ అని సరిదిద్దుతున్నారు. ఎందుకు?

సమాధానం: అమెరికాలో చాలామందికి బర్గర్ అంటే కైమా బిళ్ల. మాంసం ముక్కను ముక్కగానే వేయిస్తే, గుండ్రటి బన్నులో పెట్టినా అది శాండ్‌విచ్చే. మనకూ బ్రిటన్‌వారికీ బన్ను ఆకారాన్ని బట్టి పేరు వస్తుంది. కాబట్టి హైదరాబాదులో మీరు చికెన్ బర్గర్ అన్నదీ సరైనదే, అక్కడివారు శాండ్‌విచ్ అన్నదీ సరైనదే. కోడి కైమాతో చేసిన బిళ్ల పెడితే మాత్రం అక్కడ కూడా అది చికెన్ బర్గరే అవుతుంది.