ఇండెక్సు మారిన ప్రతిసారీ పాత క్యాష్‌ను నిలుపుకోవాలా, వదిలేయాలా?

అక్షరవనం:
మేము ఒక పత్రిక పాత సంచికల శోధనను అపాచీ సోలర్ అనే శోధన సాఫ్ట్‌వేర్ మీద నడుపుతున్నాం. దాదాపు కోటి వార్తలున్నాయి. కొత్త వార్త వెంటనే కనబడాలని సంపాదక వర్గం పట్టుబట్టడంతో నిమిషానికొకసారి కమిట్ చేస్తున్నాం, అంటే కొత్త మార్పులను ఇండెక్సులో (శోధన కోసం తయారుచేసిన సూచికలో) ఖాయం చేస్తున్నాం. అలా చేసినప్పుడల్లా సోలర్ కొత్త సెర్చర్‌ను (ఇండెక్సును చదివి జవాబులిచ్చే భాగాన్ని) తెరుస్తుంది, పాత సెర్చర్‌తోపాటు దాని క్యాష్‌లూ, అంటే మళ్ళీ వాడుకోవడానికి దాచుకున్న జవాబులూ పోతాయి. ఆ వెంటనే ఒక పాఠకుడు జిల్లా, సంవత్సరం ఎంచుకుని వెతికితే రెండు మూడు సెకన్లు తెర ఖాళీగా ఉంటోంది. ఇలాంటి ఎంపికల (ఫిల్టర్ల) ఫలితాలను దాచే ఫిల్టర్ క్యాష్‌కు ఆటోవార్మ్ కౌంట్, అంటే పాత క్యాష్‌ను చూసి కొత్త సెర్చర్‌కు ముందే సిద్ధం చేసిపెట్టే ఫిల్టర్ల సంఖ్య, 512 పెట్టాలని నేనంటాను. ఆ ఆశే వదులుకోమని నా సహోద్యోగి అంటారు. కష్టపడి లెక్కగట్టినదాన్ని నిమిషానికొకసారి చెత్తబుట్టలో వేయడం నాకు మింగుడుపడడం లేదు. మీరేమంటారు?

రాత్రిపాళి:
512 మాత్రం వద్దండీ. ముందు మెమరీ లెక్క చూడండి. పెద్ద ఫిల్టర్ ఫలితాన్ని సోలర్ డాక్యుమెంటుకు (మీ విషయంలో ఒక్కో వార్తకు) ఒక బిట్ చొప్పున దాస్తుంది. కోటి డాక్యుమెంట్లంటే ఒక్కో ఫిల్టర్‌కు 12.5 లక్షల బైట్లు. అలాంటివి 512 నిండితే 640 మెగాబైట్లు. కొత్త సెర్చర్ సిద్ధమయ్యేదాకా పాతది కూడా పాఠకులకు జవాబులిస్తూనే ఉంటుంది కాబట్టి అంతసేపూ రెండు క్యాష్‌ల భారం మోయాలి.

నేను ఇదివరకు పనిచేసిన చోట ఇదే చేశాం. ఆటోవార్మ్‌కు తొంభై సెకన్లు పట్టేది, కమిట్ మాత్రం అరవై సెకన్లకొకసారి. ఒక సెర్చర్ సిద్ధం కాకముందే ఇంకొకటి మొదలయ్యేది. తెల్లవార్లూ లాగ్‌లో ‘ఓవర్‌లాపింగ్ ఆన్‌డెక్ సెర్చర్స్’ అన్న హెచ్చరిక వరుసగా పడుతూనే ఉండేది. కౌంట్‌ను సున్నా చేశాకే తెరిపిన పడ్డాం. సోలర్‌తో వచ్చే నమూనా కాన్ఫిగరేషన్‌లో కూడా ఫిల్టర్ క్యాష్‌కు ఆ కౌంట్ 0గానే ఉంటుంది.

అక్షరవనం:
లెక్కను ఒప్పుకుంటాను. కానీ నిమిషంలో చేరేవి పదో ఇరవయ్యో వార్తలు. మిగతా కోటి మారలేదు కదా? పాత జవాబులనే కొత్త సెర్చర్‌కు అప్పగిస్తే సరిపోదా?

సెగ్మెంటు:
అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ బిట్ల వరుస, సోలర్ లోపల పనిచేసే శోధన లైబ్రరీ లూసీన్ డాక్యుమెంట్లకు ఇచ్చే అంతర్గత సంఖ్యలను బట్టి ఉంటుంది. ఇండెక్సులోని ముక్కలు, అంటే సెగ్మెంట్లు, విలీనమైనప్పుడు, తొలగించిన డాక్యుమెంట్లు పోయి, మిగిలినవాటి సంఖ్యలు మారిపోతాయి. ఇప్పటిదాకా వరదల వార్తకున్న సంఖ్య కాసేపటికి క్రికెట్ వార్తకు రావచ్చు. పాత బిట్లను అలాగే అప్పగిస్తే వరదల కోసం వెతికినవారికి క్రికెట్ చూపిస్తారు.

అందుకే ఆటోవార్మ్ పాత ఫలితాలను మోసుకురాదు. ఈమధ్య వాడిన ఫిల్టర్ ప్రశ్నలను మాత్రం పాత క్యాష్ నుంచి తీసుకుని, వాటిని కొత్త ఇండెక్సు మీద మళ్ళీ నడుపుతుంది. మీరు నిలుపుకుంటున్నది పాఠకుల ప్రశ్నలనే, జవాబులు ప్రతిసారీ కొత్తవే. డాక్యుమెంట్లనే దాచే డాక్యుమెంట్ క్యాష్‌లోనైతే వెతికేదే ఆ అంతర్గత సంఖ్యతో. కాబట్టి దానికి ఆటోవార్మ్ కుదరనే కుదరదు.

అయినా మీ కోరిక న్యాయమైనదే. ఒకసారి రాసిన సెగ్మెంటు ఇక మారదు, తొలగింపులు పక్కన విడిగా నమోదవుతాయి. కాబట్టి సెగ్మెంటు వారీగా క్యాష్ చేస్తే, ముట్టని సెగ్మెంట్ల జవాబులు కొత్త సెర్చర్‌లోనూ చెల్లుతాయి. లూసీన్ మీదే నడిచే మరో శోధన ఇంజిన్ ఎలాస్టిక్‌సెర్చ్‌లోని క్వెరీ క్యాష్ చేసేది ఇదే. మొత్తం జవాబును దాచే దాని రిక్వెస్ట్ క్యాష్ మాత్రం, రిఫ్రెష్‌లో (కొత్త మార్పులు శోధనకు కనబడేలా చేసే పనిలో) డేటా మారితే చెల్లకుండా పోతుంది.

రాత్రిపాళి:
కోటి వార్తలున్న చోట ఇంజిన్ మార్చడం ఒక్క పూటలో అయ్యేది కాదు. అంతకన్నా తేలిక ఉంది. డేటాను డిస్కు మీద భద్రపరచడం, కొత్త సెర్చర్‌ను తెరవడం రెండు వేర్వేరు పనులు. నిమిషానికొకసారి భద్రపరచండి, సెర్చర్‌ను అయిదు నిమిషాలకొకసారి తెరవండి. వార్త నాలుగు నిమిషాలు ఆలస్యంగా కనబడితే పాత సంచికల శోధనకు వచ్చే నష్టమేమిటి?

పాతసంచిక:
నష్టం ఉందండీ, నేను చూశాను. ఒక వ్యక్తి మీద తప్పుగా వచ్చిన వార్తను మేము తొలగించాం. కొత్త సెర్చర్ ఇంకా సిద్ధమవుతోంది, పాతది ఆ వార్తను చూపిస్తూనే ఉంది. వారి అబ్బాయి ఫోను చేసి, ‘తీసేశామన్నారు, ఇప్పుడు కూడా నా ఎదురుగానే ఉంది’ అన్నాడు. ఆ రెండు నిమిషాలు నా దగ్గర జవాబు లేదు. వేగం కోసం క్యాష్‌ను ఎంతైనా సిద్ధం చేసుకోండి, కానీ తొలగించింది ఎంతసేపు కనబడుతుందో ముందు తేల్చుకోండి.

అక్షరవనం:
నిన్నంతా మా లాగ్‌లలోనే కూర్చున్నాను. క్యాష్‌లో ఉన్న ఫిల్టర్లలో సగానికి పైగా ‘గత ముప్పై రోజులు’ లాంటివే. మేము ‘ఇప్పుడు’ అన్న సమయాన్ని మిల్లీసెకనుదాకా రాస్తున్నాం కాబట్టి, ఏ రెండు ఫిల్టర్లూ ఒకటి కావు. వాటిని మళ్ళీ నడిపినా ఇంకెవరూ అదే అడగరు. నేను కాపాడాలని తపించింది ఇలాంటి సరుకును! సమయాన్ని రోజుకు కుదించాం. కౌంట్ 32 చేశాం. జిల్లాల ఫిల్టర్లను, ప్రతి కొత్త సెర్చర్ ముందుగా నడిపే జాబితాలో మేమే రాసిపెట్టాం. ఇప్పుడు సెర్చర్ నాలుగు సెకన్లలో సిద్ధమవుతోంది. కాబట్టి సున్నా అవసరమని నేను ఇప్పటికీ ఒప్పుకోను, 512 మాత్రం నా తప్పే.

పాతసంచిక గారి మాట సంపాదక వర్గం ముందు పెట్టాను. తొలగింపు వచ్చినప్పుడు ఆటోవార్మ్ లేకుండానే సెర్చర్‌ను తెరవాలని నేను, నాలుగు సెకన్లు చాలు కదా అని వారు. సోమవారం మళ్ళీ కూర్చుంటున్నాం.