అప్‌డేట్: మా వరి మడి తేరుకుంటోంది

ఆనందపురం దగ్గర మా ఎకరం మడిలో నాట్లేసిన మూడు వారాలకే ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తున్నాయి, ఏం చేయాలని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. మీరన్నట్టు అది తెగులు కాదు, జింక్ లోపమే. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాం. పురుగుమందుతో కలపొద్దని చెప్పి చాలా మేలు చేశారు, లేకపోతే నాన్న కలిపేసేవారే.

ఈ ఉదయం గట్టు మీద కూర్చుని ఒక దుబ్బు విడదీసి చూశాను. కింది ఆకులు ఎండిపోయాయి గానీ, మొవ్వులోంచి వచ్చిన కొత్త ఆకు మీద ఒక్క మచ్చ లేదు. ప్రాణం లేచొచ్చింది. పిలకలు, అంటే దుబ్బు మొదట్లోంచి పుట్టే కొత్త కొమ్మలు, మాత్రం పక్క మడికన్నా తక్కువే. వచ్చే ఏడు ఆఖరి దమ్ములోనే, అంటే నాట్లకు ముందు చివరిసారి బురద దున్నేటప్పుడే, 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తాం. నాన్నకి టెన్షన్ తగ్గింది, రాత్రి నిద్రపోతున్నారు. మీ అందరికీ చాలా థాంక్స్.