సినాప్స్‌ను 'సంధి' అనొచ్చా?

మాది ప్రొద్దుటూరు. మాయవ్వకు అల్జైమర్స్ అని తేలి రెండేళ్లయింది. ఇంట్లోవాళ్ల కోసం జబ్బు గురించి తెలుగులో ఒక పేజీ రాద్దామని కూర్చుంటే సినాప్స్ దగ్గరే ఆగిపోయినా. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురందించే చోటు అది. కణాలు చచ్చిపోకముందే ఈ చోట్లు ఊడిపోతూ వస్తాయి, మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ కన్నా ఈ నష్టానికే మతిమరుపుతో లెక్క బాగా కుదురుతుందని 1991లోనే పరిశోధకులు చూపించినారు. సరే అని 'నరాల సంధి తెగడం' అని రాస్తే మా చిన్నాయన చదివి, "సంధా? అవ్వకు జ్వరమెప్పుడొచ్చిందిరా?" అన్నాడు. వేరే మాట ఏదన్నా ఉందా?

జవాబు, కర్నూలు: చిన్నాయన తప్పేం లేదబ్బా. సంధి పుట్టడమంటే మనకు జ్వరం తలకెక్కి పలవరించడమే. పైగా ఈ రెంటినీ కలిపేస్తే ప్రమాదం కూడా. సంధి గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో ముంచుకొస్తుంది, ముసలివాళ్లలో మూత్రం ఇన్ఫెక్షన్‌కే రావచ్చు, వైద్యం చేస్తే చాలావరకు దిగుతుంది. అల్జైమర్స్ ఏళ్ల తరబడి పాకుతుంది. అది ఉన్నవాళ్లకూ సంధి పుట్టొచ్చు, కాబట్టి అవ్వ ఉన్నట్టుండి తేడాగా మాట్లాడితే జబ్బు ముదిరిందిలే అని ఊరుకోవద్దు.

జవాబు, అనంతపురం: నరాల మీద పరిశోధన చేసిన ఇంగ్లండు శాస్త్రవేత్త షెరింగ్టన్ 1897లో సినాప్స్ మాటను వాడుకలోకి తెచ్చినాడు, గ్రీకులో దాని అర్థం ఒకదాన్నొకటి పట్టుకోవడం. కానీ అక్కడ కణాలు నిజంగా అంటుకోవు, మధ్యలో దాదాపు 20 నానోమీటర్ల సందు. వ్యాకరణంలో సంధి అంటే ఒక అచ్చు పోయి రెండు మాటలు ఒకటవుతాయి కదా, అందుకే నాకది నప్పదు. నన్నడిగితే యడాగమమే దగ్గర. నువ్వే రాసినావు చూడు, 'మాయవ్వ' అని: మా, అవ్వ దేనికది అట్లనే ఉంది, మధ్యలో య వచ్చి దాటించింది. కబురు దాటించడానికి కణం వదిలే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చేసేదీ అదే. అల్జైమర్స్‌కు ఇచ్చే డొనెపెజిల్ మాత్ర ఆ 'య' తొందరగా విరిగిపోకుండా కాపాడుతుంది, అంతే, ఊడిన చోటును తిరిగి పుట్టించదు. (తెలుగు అయ్యవారిని, మాత్రల సంగతి మా ఇంట్లో వాడబట్టి తెలిసింది.)

ప్రొద్దుటూరు: యడాగమం అంటే మా ఇంట్లో ఇంకో జబ్బనుకుంటారు సార్. 'కబురు దాటే సందు' అని రాసేసినా. చిన్నాయన చదివి ఏమీ అనలేదు, అవ్వకు రాత్రి మాత్ర ఏదని అడిగినాడు.