చెన్నై వృద్ధాశ్రమాల్లో వీణ వినిపించడానికి మీ సలహా కావాలి

నేను మైలాపూరులో ఉంటూ వీణ సాధన చేస్తున్నాను. డిసెంబరు-జనవరుల్లో వచ్చే తమిళ మాసం మార్గళిలో జరిగే సంగీతోత్సవాలకు సభలన్నీ కిటకిటలాడే ఈ నగరంలోనే వాటికి వెళ్లలేని పెద్దలు ఎందరో వృద్ధాశ్రమాల్లో ఉన్నారు కనుక, వారానికొకసారి అక్కడికే వెళ్లి ఉచితంగా వాయించాలని సంకల్పించాను. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా హెచ్చు స్థాయి (సన్నని, కీచు) ధ్వనులే ముందుగా వినబడకుండా పోతాయి గనుక, మంద్ర (కింది), మధ్య స్థాయులకే పరిమితం కావడం మేలా? మైకు పెడితే వినికిడి యంత్రాలు ధరించినవారికి రొదగా ఉంటుందేమో! ముప్పావుగంట దాటిన కచేరీ వారికి శ్రమే అని నా అభిప్రాయం. మతిమరుపు ముదిరినవారు సైతం యౌవనంలో విన్న పాటలను తరచుగా గుర్తుపడతారు కాబట్టి, తమిళులూ తెలుగువారూ కలిసి ఉండే చోట కీర్తనలతో మొదలుపెట్టాలా, పాత సినిమా పాటలతోనా? నిర్వాహకులను ఎలా సంప్రదించాలో, పెద్దల విశ్రాంతికి భంగం కలగని వేళ ఏదో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.